సున్నాలో చుక్క

యార్డుకు వేసవి సెలవులిచ్చిన మూడో రోజు
మస్తాన్‌వలి ఆటోలో ఎనిమిదిమందిమి
మోకాళ్లూ టిఫిన్ డబ్బాలూ ఒకదాంట్లో ఒకటి ఇరికించుకుని
కొండవీడు చూడ్డానికి బయల్దేరాం.
మిరపకాయల తొడాలు తీసే చేతులు
ఊరికే ఉంటే తోచదు.

ఫిరంగిపురం పెద్ద గుడి ముందు
ఇన్నమ్మ సిలువ గుర్తు వేసుకుంది.
"పుట్టినకాణ్ణుంచీ పత్తిచేలోంచి చూస్తున్న కొండే,
మళ్లీ దీనికి తలా నూట ఇరవయ్యా"
సైదాబీ దారి పొడుగునా సణిగింది.

పైకెక్కాక, గాలి.
ఏం తేడానో మొదట అంతుపట్టలేదు.
కాసేపటికి నాగేంద్రం అంది:
"ఎవరం తుమ్మట్లేదే!"
నిజమే. ఘాటు లేదు.
ఊపిరి లోపలిదాకా పోయి
దేన్నీ అంటించుకోకుండా తిరిగొచ్చింది.

కాపలా పున్నయ్య కర్ర చాపి చెప్పాడు:
ముందు రెడ్డిరాజులు, తర్వాత గజపతులు,
ఆ తర్వాత రాయలవారు, గోల్కొండవాళ్లు,
ఫ్రెంచోళ్లు, ఇంగ్లీషోళ్లు.
ఒకళ్లు దిగితే ఒకళ్లెక్కారు.
"ఎంతమంది చేతులు మారినా
జనం చెప్పుకునేది మాత్రం మొదటోళ్లనే."
పులిహోర పొట్లాలు విప్పుకుంటూ
అందరం తలలూపాం. నేనూ ఊపాను.

మెట్ల పక్క గదిలో పాత సున్నపు గోడ.
బాణాలు గుచ్చిన గుండెకాయలు, ఫోను నంబర్లు,
ఇంటరు తప్పినవాడెవడో రాసిన తిట్లు.
చదువుతూ, నవ్వుతూ, చదువుతూ
ఆగిపోయాను.

ఏసుపాదం.

చివరి సున్నాలో చుక్క.
సున్నా చుట్టి మధ్యన చుక్క పెట్టేవాడు
గుంటూరు మొత్తానికి ఒక్కడే.
గోతాల మీద నల్లరంగుతో మార్కా రాసేవాడు,
పాతికేళ్లుగా నా పక్కన పడుకునేవాడు,
"కొండవీడా? నేనెప్పుడెళ్లానూ" అని
నిన్న రాత్రే అన్నవాడు.

పేరు పక్కన గీత. గీత పక్కన
పెచ్చూడిన గోడ.
దాని తర్వాత మిగిలింది: ...మణి.
కింద, తొంభై నాలుగు.

మా పెళ్లి తొంభై ఏడులో.
నా పేరు విక్టోరియమ్మ.

"రత్నమణి!"
"కాదే, కొరిటెపాడు నాగమణి."
"వాళ్ల వీధిలో మిషను కుట్టేది, సుందరమణి, అదే అయ్యుంటది."
ఏడుగురూ తలో ముక్కా అతికించి చూశారు.
పున్నయ్య శాసనం చదివేవాడిలా కళ్లు చిట్లించి
"ఇక్కడ అక్షరాలు పోయినయ్యమ్మా" అన్నాడు.

నా చేతిలో తలపిన్ను.
ఎప్పుడు తీశానో.
"వద్దు తల్లీ. గీకినా జరిమానాయే,
చెరిపినా జరిమానాయే."
"ఇదేమన్నా రాజులు రాసిందా?"
"గోడెక్కాక మాకన్నీ ఒకటే."

పిన్ను మళ్లీ జుట్టులో పెట్టుకున్నాను.
నాకంటే ముందు ఏలినామె
ఎన్నాళ్లు ఏలిందో,
ఓడిపోయిందో, తనే తాళాలిచ్చి దిగిపోయిందో.
అప్పటికి ఘాట్ రోడ్డు లేదు.
కాలిబాటన, కాలిన బండల మీద
చెయ్యి పట్టుకునే ఎక్కించి ఉంటాడు.
ఇప్పుడు మా డాబా మెట్లెక్కమంటే
ఆయాసమంటాడు.

రాత్రి అన్నం పెడుతుంటే అడిగాడు:
"ఏం చూశారు పైన?"
"గోడలు."
"గోడల కోసమా అంత దూరం?"
మజ్జిగ పోశాను.

జూన్లో యార్డు తెరిచారు.
మళ్లీ తుమ్ములు, మళ్లీ వేళ్ల సందుల్లో మంట.
వరస గోతాల ముందు వంగి
కుంచె ముంచి రాస్తున్నాడు
నూట పది, నూట ఇరవై,
ప్రతి సున్నాలో చుక్క.

"ఆ చుక్కెందుకు?"
పాతికేళ్లలో మొదటిసారి అడిగాను.
కుంచె గాల్లో ఆగింది. ఒక బొట్టు రాలింది.
"ఎవరో నేర్పార్లే" అని
తర్వాతి గోతానికి జరిగాడు.

రంగింకా తడిగానే ఉంది.
వేలు పెడితే చెరిగిపోతుంది.
పెట్టలేదు.